ఏడో నంబరు నుంచి రెండో నంబరు దాకా

విశాఖపట్నం వెళ్ళొచ్చానని చెప్పగానే మా తాడిపత్రి స్కూలు స్టాఫ్‌రూంలో అందరిదీ ఒకటే వరస. సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళావా, కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కావా, అరకు రైల్లో కిటికీ సీటు దొరికిందా. ఏదీ లేదు. మూడు రోజులున్నాను. అందులో ఒక పూటంతా మల్కాపురంలో ఒక బాత్రూం తలుపు చుట్టూ తిరగడంతో సరిపోయింది, ఇంకో అరగంట ఒక ఫ్యాక్టరీ గేటు ముందు గడిచింది. నేను చూసిన వైజాగ్ ఆ రెండే. సముద్రం గురించి రాసేవాళ్ళకు కొరత లేదు కాబట్టి నేను వీటి గురించి రాస్తాను.

ముందుగా ఒక సంగతి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. కిడ్నీ బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తాను. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపయ్యాక నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

దువ్వాడలో దిగగానే

మా ఆవిడ చెల్లెలు గౌరిని మల్కాపురం ఇచ్చారు. ఆమె భర్త సింహాచలం, అంటే నా తోడల్లుడు, ఆటోనగర్ వైపు ఇనుము కరిగించి పోతపోసే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పద్నాలుగేళ్ళు కింద కొలిమి పక్కన నిలబడి చెమటోడ్చాక ఈ మధ్యనే అతన్ని క్రేన్ ఎక్కించారు. రోడ్డు మీద తిరిగే క్రేన్ కాదు. షెడ్డు కప్పుకు ఆనుకుని పట్టాల మీద నడిచేది. కరిగిన ఇనుము నింపిన గంగాళాన్ని, దాన్ని వాళ్ళు లేడిల్ అంటారు, కొక్కేనికి తగిలించుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకెళ్ళి అచ్చుల దగ్గర వంచాలి. ఆరు నెలలు ట్రయల్, ఐదు గడిచాయి. ఎండాకాలం సెలవులు కదా, వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి రమ్మని మా ఆవిడ వేరుశనగ చిక్కీల డబ్బా చేతికిచ్చి పంపింది. ఆవిడ అనుకున్న మంచి మాటలు వేరు, నేను చెప్పినవి వేరు.

దువ్వాడ ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మా ఊళ్ళో ఎండ ఇంకా ఎక్కువే గానీ చెమట పట్టినట్టు తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ చెమట చుట్టం మాదిరి వచ్చి కూర్చుంటుంది, ఎంత తుడిచినా లేవదు. ఆటో అబ్బాయి మూడొందలు అడిగి, నా భాష విని, రాయలసీమ వాళ్ళంటే భయమో గౌరవమో గాని రెండొందల యాభైకి దిగాడు. దారి పొడుగునా రిఫైనరీ వాసన, పోర్టు వైపు వెళ్ళే లారీలు.

గౌరి పొద్దున టిఫినుకి ఒక గ్లాసు నిండా అంబలి పోసిచ్చి, పక్కన ఉల్లిపాయ పెట్టింది. చోడి అంబలి అంది. చోళ్ళంటే ఏ వింత ధాన్యమో అని తాగితే మా రాగులే. మేము ముద్ద కట్టి చేతికి పని చెబుతాం, వీళ్ళు పల్చగా కాచి గొంతుకి పని చెబుతారు. మధ్యాహ్నం చేపల పులుసు. మూడుసార్లు వడ్డించుకున్నాక, రైల్లో మొదలైన నా కడుపుబ్బరం గట్టిపడింది.

ఖాదర్ భాయ్ అడిగిన ప్రశ్న

అందుకే సాయంత్రం నాలుక్కి సింహాచలం నన్ను స్కూటర్ మీద పాత ఊళ్ళో మూలికల కొట్టుకి తీసుకెళ్ళాడు. అతను బయట స్కూటర్ దగ్గరే నిలబడ్డాడు. కొట్టు ఖాదర్ భాయ్‌ది, తాత కాలం నుంచీ ఉందట. గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఏ సొరుగు మీదా పేరు లేదు. ఆయన చెయ్యి పెడితే కావలసింది అందులోనే ఉంటుంది. నా బాధ చెప్పాను. నాలుక చూపించమన్నారు, చూపించాను. చేపల పులుసు ఎన్నిసార్లు పోసుకున్నారని అడిగారు. ఇంత పెద్ద వైద్యుడి ముందు అబద్ధం ఎందుకని మూడుసార్లని చెప్పాను. ఆయన ఒక ద్రాక్షాసవం సీసా తీసి, కౌంటర్ మీద పెట్టి, దాని మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మీరు బండి నడుపుతారా సాబ్?"

కాదు, మాస్టర్నని చెప్పాను. డ్రైవర్లకు దీన్ని డ్యూటీ ముందు మాత్రం ఇవ్వనని చెప్పి, అప్పుడు చెయ్యి తీశారు. రెండు మూతలు, అన్నం తిన్నాక. నూట అరవై రూపాయలు. డ్రైవర్ల మీద ఈయనకేం పగో అనుకున్నాను. ఎందుకు ఇవ్వరని అడగాలని తోచనేలేదు. ప్రశ్నలు అడగని పిల్లల్ని నేను బెంచీ ఎక్కిస్తాను.

డాబా మీద

తిరిగొచ్చేటప్పుడు నేనే ఒక దుకాణం దగ్గర స్కూటర్ ఆపించి ఫుల్ బాటిల్ కొన్నాను. క్రేన్ ఎక్కినందుకు తోడల్లుడికి ఆ మాత్రం పార్టీ ఇవ్వకపోతే ఎలా అని.

సింహాచలం తాగేవాడు కాదని కాదు, క్రేన్ ఎక్కినప్పటి నుంచీ మానేశాడు. ఆ సంగతి నాతో డాబా మీద నవ్వుతూనే చెప్పాడు. గేటు దగ్గర లోపలికి వెళ్ళేముందు క్రేన్ వాళ్ళందరూ మిషన్లోకి ఊదాలి. అది కూసిందంటే అంతే. పాతవాళ్ళకి ఒకసారి మందలింపు ఉంటుందట, ట్రయల్లో ఉన్నవాడికి అదీ లేదు. క్రేన్ దిగి మళ్ళీ కొలిమి దగ్గరికే, ఇక జన్మలో ఎక్కనివ్వరు.

"నాకొద్దు మాస్టారూ. రేపు బి షిఫ్టు, గేటు కాడ ఊదాల."

బి షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. కాలేయం గంటకి ఇంతని తన పని తాను చేసుకుపోతుంది, రేపు రెండింటికల్లా ఒంట్లో చుక్క మిగలదు అని పాఠం చెప్పాను. లెక్కలో తప్పు లేదు. నా పాఠాల్లో ఎప్పుడూ తప్పుండదు, అదే నా దరిద్రం. రెండోసారి వద్దన్నాడు. మూడోసారి నేను ముఖం ముడుచుకుని, ఇంత దూరం వచ్చినోణ్ణి, నా చేత్తో పోస్తే తాగవా అప్పా అన్నాను. పెద్ద తోడల్లుడు ఆ మాట అంటే ఎవరు కాదంటారు. గ్లాసు పట్టాడు.

గౌరి వేయించి పెట్టిన ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఉప్పగా భలే ఉన్నాయి. ఆమె పక్కనే రెండు లీటర్ల చెంబుతో నీళ్ళు కూడా పెట్టింది. నెత్తళ్ళ పళ్ళెం రెండుసార్లు ఖాళీ అయింది. చెంబు నిండుగా ఉండిపోయింది. ఎనిమిదిన్నరకి గౌరి అన్నానికి పిలిస్తే, ఇద్దరం కడుపు నిండిందని చెప్పి పడుకున్నాం.

ఏడో నంబరు

పొద్దున్న లేచేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. లోపల ఎవరో ఇసక పోసి చదును చేసినట్టుంది. తల తిప్పితే గది ఆలస్యంగా తిరుగుతోంది. సింహాచలం అవతలి గదిలో గోడ పట్టుకుని నిలబడి, నడవడం ఎలాగో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటుంది. ఒంట్లో నీళ్ళు తగ్గగానే అది కిడ్నీలకి కబురు పంపుతుంది, నీళ్ళు వదలకండి, పట్టుకోండి అని. సారా కడుపులో పడితే ఆ కబురు సరిగా వెళ్ళదు. కిడ్నీలు అడ్డూ అదుపూ లేకుండా నీళ్ళు వదిలేస్తాయి. తాగిన దానికంటే పోయేది ఎక్కువ. దానికి తోడు వైజాగ్ చెమట, నెత్తళ్ళ ఉప్పు. కడుపు మండటం, నిద్ర చెడటం అదనం. ఇదంతా నేను తొమ్మిదో తరగతికి ఏటా చెబుతాను. ఆ పొద్దున నాకు నేనే చెప్పుకున్నాను, పెదాలు కదపకుండా.

గౌరి నాతో మాట్లాడలేదు. ఫ్రిజ్‌తో మాట్లాడింది. పెద్దవాళ్ళు వస్తే ఇంటికి మంచి జరుగుతుందనుకున్నానని, ఐదు నెలలు కాచుకున్నది ఒక్క సాయంత్రంలో పోయేలా ఉందని ఫ్రిజ్ తలుపు తీసి చెప్పి, వేసి, మళ్ళీ తీసి చెప్పింది. నేను కాఫీ ఉందా అని అడగబోయి ఫ్రిజ్ ముఖం చూసి ఊరుకున్నాను.

అప్పుడొచ్చింది పక్కింటి పైడమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో కుండ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ అట్ట. ఆమె భర్త అప్పలరాజుది కూడా అదే ఫ్యాక్టరీ, అదే షెడ్డు, అదే షిఫ్టు. కుండలో తరవాణి, అన్నం గంజిలో నీళ్ళు పోస్తూ పులియబెట్టిన పుల్లటి నీళ్ళు. చెరో గ్లాసు పోసి ఉప్పు కలిపింది. గటగటా తాగబోతే గ్లాసు పట్టుకుని ఆపింది. ఒక్కో గుక్కే, లేకపోతే ఎలా లోపలికెళ్ళిందో అలాగే బయటికొస్తుందట. కాఫీ వద్దంది. తలనొప్పి మాత్ర వద్దని నేనన్నాను, కాలేయం ఇప్పటికే ఓవర్‌టైం చేస్తోందని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఇన్ని తెలిసినోరా మీరు అంది.

ఇక ఆ అట్ట. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకి వేడికి ఒంట్లో నీళ్ళు ఇంకిపోతాయి కదా, అందుకని ఫ్యాక్టరీ మరుగుదొడ్లలో ఈ అట్టలు తగిలిస్తారట. ఎనిమిది రంగుల గళ్ళు. మూత్రం ఏ గడితో పోలితే ఆ నంబరు. ఒకటి మంచినీళ్ళు, ఎనిమిది బెల్లం పాకం. నాలుగు దాటితే పని ఆపి నీళ్ళు తాగాలి. అప్పలరాజు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు, వాళ్ళింట్లో పిల్లలకి జ్వరమొచ్చినా దీన్నే చూస్తారు. పైడమ్మ దాన్ని గౌరి బాత్రూం గోడకి మేకు కొట్టి తగిలించి, మా ఇద్దర్నీ వరసగా లోపలికి పంపింది.

తలుపు అవతల నిలబడి అడిగింది. "ఎన్నో నంబరండీ మాస్టారూ?"

ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని మార్కులు అడిగే నేను, బాత్రూంలో నిలబడి, ఏడు అని చెప్పాను. వీధిలో ఎవరో నవ్వారు. సింహాచలానికి కూడా ఏడే. అక్కడి నుంచి గంటకోసారి పరీక్ష. తరవాణి తర్వాత కొబ్బరి బోండాం, యాభై రూపాయలు, మా ఊరికంటే నయం. ఆ తర్వాత నిమ్మకాయ నీళ్ళలో ఉప్పూ పంచదారా. పదింటికి ఆరు. పదకొండింటికి ఐదు. తినలేమన్నా వినకుండా చారన్నం పెట్టింది. పన్నెండున్నరకి సింహాచలం మూడు, నేను నాలుగు. గెలిచినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఇంత శ్రమ ఎందుకు పడుతోందీమె అని నాకు అనుమానమొచ్చింది. పొద్దుట్నుంచీ తన ఇంట్లో పని ముట్టుకోలేదు. నిమ్మకాయ పిండుతుంటే అడిగేశాను. ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"మా ఆయన కిందనే ఉంటాడు కదండీ మాస్టారూ. ఆ లేడిలు ఆడి నెత్తి మీంచే ఎల్తాది."

అంతే అని, గింజలు తీసి పారేసి, ఇంకో నిమ్మకాయ అందుకుంది. రాత్రి డాబా మీద నేను వేళ్ళ మీద లెక్కపెట్టిన వాటిలో ఈ అప్పలరాజు లేడు. సిగ్గేసింది.

గేటు ముందు క్లాసు

ఒంటిగంట దాటాక బయల్దేరాం. తప్పు నాది కాబట్టి దగ్గరుండి లోపలికి పంపి వస్తానని స్కూటర్ వెనక ఎక్కాను. గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర దిగాక సింహాచలం పొట్ట పట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ పోసిన నీళ్ళన్నిటికీ ఉబ్బరం పట్టేసింది. ఇక్కడ నా తెలివి మేల్కొంది. నా సంచిలో ఖాదర్ భాయ్ సీసా ఉంది. ఆయుర్వేదం, ద్రాక్ష, అరుగుదల, దోషమేముంది. రెండు మూతలు నా చేత్తో పోశాను. నోట్లో పోసుకుని, నాలుక చప్పరించి, తియ్యగా ఉందే అన్నాడు. నేరుగా వెళ్ళి మిషన్లో ఊదాడు.

కూసింది.

అంత చిన్న మిషన్ అంత గట్టిగా కూస్తుందని నేననుకోలేదు. సింహాచలం మిషన్ వైపు కాదు, నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది. నాకు అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఖాదర్ భాయ్ ప్రశ్న అర్థమైంది. ఆసవమంటే పులియబెట్టింది. పులిస్తే తయారయ్యేదేమిటి? ఎనిమిదో తరగతి ప్రశ్న. సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి కూడా ఉంది, ఇందులో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ ఉండును అని.

గేటు సూపర్‌వైజరు సన్యాసిరావు గారు మీసాలు తెల్లబడ్డ మనిషి, కథలు చాలా విన్న ముఖం. నేను పరిగెత్తుకెళ్ళి సీసా చూపించి, ఇది మందే గానీ మందు కాదు, నోట్లో ఉన్న వాసనకి కూసింది, ఒంట్లో లేదు, నిరూపిస్తాను అన్నాను. ఎలాగన్నారు. ముందు నన్ను ఊదనివ్వండి అన్నాను. ఊదాను, సున్నా. అందరి ముందూ ఒక మూత తాగి మళ్ళీ ఊదాను, కూసింది. బి షిఫ్టు వాళ్ళంతా చుట్టూ మూగారు. ఒక మూతకే మనిషి తాగుబోతు అయిపోడు కదా, నోరు కడుక్కుని పావుగంట ఆగితే పోతుందని వివరించాను. ఇరవై రెండేళ్ళలో ఇంత శ్రద్ధగా విన్న క్లాసు నాకు తగల్లేదు.

సన్యాసిరావు గారు నా క్లాసు మొత్తం విని, పుక్కిలించి పావుగంట ఆగి రెండోసారి ఊదించాలని రూల్లోనే ఉందండీ, దగ్గు మందు తాగొచ్చేవాళ్ళు వారానికొకడుంటాడు అన్నారు. మొదటే చెప్పొచ్చు కదా అంటే, మీరు చెప్పనిస్తే కదా అన్నారు.

ఇద్దరం కుళాయి దగ్గర నోరు కడుక్కుని సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. జీవితంలో అంత పొడుగు పావుగంట నేను చూడలేదు. పద్నాలుగేళ్ళు ఆ మనిషి మోసింది నా రెండు మూతల్లో కొట్టుకుపోతుందా అని చేతులు పిసుక్కున్నాను. మొదట నన్ను ఊదమన్నారు. సున్నా. తర్వాత సింహాచలం. సున్నా. ఎవరో ఈల వేశారు. నేను కళ్ళు తుడుచుకుని, చెమట అన్నాను. హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒక పొట్టి మనిషి ముందుకొచ్చి సింహాచలం భుజం తట్టాడు. అతనే పైడమ్మ భర్త అప్పలరాజు.

సింహాచలం నవ్వలేదు. కుడి చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు చూసుకున్నాడు. వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతున్నాయి. అప్పలరాజు వైపు ఒకసారి చూసి, సన్యాసిరావు గారితో అన్నాడు.

"సున్నా వొచ్చింది గానండీ, సెయ్యి ఇంకా నాది కాదు. ఈయాల నన్ను కిందనే ఎయ్యండి."

అలా అడిగితే రిజిస్టర్లో రాయాల్సి వస్తుంది, ట్రయల్ పొడిగిస్తారు, ఆలోచించుకో అని ఆయన మెల్లగా చెప్పారు. ఆలోచించుకున్నానన్నాడు. నేను నోరు తెరవబోయాను. మిషన్ సున్నా చూపించాక ఇంకేం కావాలనే పాఠం నాలుక మీదికి వచ్చింది. జీవితంలో మొదటిసారి దాన్ని మింగేశాను.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున బాత్రూంలో రెండో నంబరు వచ్చింది. చెప్పుకోవడానికి ఎవరూ అడగలేదు. సింహాచలాన్ని ఆఫీసుకి పిలిచారు, ట్రయల్ ఇంకో మూడు నెలలు పెంచి కాగితం ఇచ్చారు. నేను గౌరికి క్షమించమని చెప్పాను. ఈసారి ఆమె ఫ్రిజ్‌తో కాకుండా నాతోనే మాట్లాడింది. బావగారూ, మళ్ళీ వచ్చేటప్పుడు చిక్కీలు మాత్రమే తెండి అంది.

దువ్వాడకి అప్పలరాజు తన బండి మీద దింపాడు. పైడమ్మ నిమ్మకాయ నీళ్ళ సీసా, చుట్టచుట్టిన ఇంకో రంగుల అట్టా ఇచ్చి పంపింది. ఆ అట్ట ఇప్పుడు మా బాత్రూంలో ఉంది, మా ఆవిడ రోజూ తలుపు కొట్టి నంబరు అడుగుతుంది.

రైలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద కూర్చుని, నా వల్ల మీవాడికి మూడు నెలలు పోయాయి అన్నాను. అప్పలరాజు తీరిగ్గా చెప్పాడు.

"ఇదివరకు పైన ఎవుడున్నా నాను పని సేత్తా సేత్తానే తలెత్తి సూసేవోణ్ణి మాస్టారూ. మావోడు ఎక్కిన కాడ్నుంచీ సూడ్డం మానేసినాను. నిన్న ఆడు నా పక్కన కింద నిలబడ్డాడు, పైన ఇంకొకడు. ఎనిమిది గంటలూ ఇద్దరం పైకే సూత్తన్నాం. మెడలు పట్టేసినాయండి."

మెడ రుద్దుకుని, నిమ్మకాయ నీళ్ళ సీసా మూత తీసి నాకిచ్చాడు. ఒక్కో గుక్కే తాగాను.